సత్తు పడవ

గ్రేమౌత్‌లో పడవలమ్మేవాణ్ణి, పంతొమ్మిదేళ్ళుగా.
వచ్చినవాళ్ళు ముందు ఇంజను చూస్తారు,
తర్వాత రంగు,
ఆ తర్వాత నా మొహం.
అడుగు చూసేవాళ్ళు తక్కువ.

రోయిమాటా వచ్చీ రాగానే కంకరలో మోకాళ్ళూనింది,
నిన్నటి వాననీళ్ళలోనే.
ట్రైలరు కిందికి తల దూర్చి
వేళ్ళ కణుపులతో రేకును కొట్టింది
పుచ్చకాయ కొనేవాళ్ళు కొట్టినట్టు.
"ఎంత మందం?"
అడుగు అయిదు మిల్లీమీటర్లు, పక్కలు నాలుగు.
"అతుకులు?"
అంతా వెల్డింగే. రివెట్లు లేవు.
నమ్మలేదు. అతుకు పొడుగునా బొటనవేలు నడిపించింది,
కుట్లు విప్పిన గాయాన్ని నర్సు తడిమినట్టు.

ఈలోగా భర్త తమాతి
చేపల జాడ చూపించే తెరల ముందు నిలబడిపోయాడు.
అతనికి ఏడు మీటర్లది కావాలి, పైకప్పున్నది,
కాఫీ కప్పులకి గూళ్ళున్నది.
"మన బండి లాగదు," అంది ఆమె
పడవ కిందనుంచే.

మా మొగ సంగతి చెప్పాలి.
నది మట్టి రంగులో దిగివచ్చే చోట
పడమటి సముద్రం ఎదురొచ్చి నిలబడుతుంది.
పాటు వేళ గాలి మళ్ళిందా,
అల అలలా ఉండదు, గోడ.
చదునైన అడుగున్న పడవ నిలిచినప్పుడు బుద్ధిగా ఉంటుంది,
పరుగులో నడుం విరగ్గొడుతుంది.
కత్తిలా కోసే అడుగు పరుగులో మెత్తన,
గాలం వేసి నిలిస్తే తాగినవాడిలా ఊగుతుంది.
రెండు మంచీ ఒక్క పడవలో దొరకవు.
చెప్పి చెప్పి నా నాలుక అరిగింది.
అందరూ తలూపి
రెండూ ఉన్నది చూపించమంటారు.

ఆమె తలూపలేదు.
"నిండా నీళ్ళొస్తే తేలుతుందా?"
తేలుతుంది. పక్క గొట్టాల నిండా గాలే, మూసి అతికించారు.
"నేను నీళ్ళలో పడ్డాను. ఇతను నిద్రలో ఉన్నాడు. అప్పుడు?"
ఆ ప్రశ్నకి నా దగ్గర కరపత్రం లేదు.

మర్నాడు పొద్దున్నే, జూలై చలిలో,
మడుగులో మూడు పడవలు దించాం.
వానకోటు, రబ్బరు బూట్లు, లైఫ్ జాకెట్
అన్నిటితోనూ దూకింది.
నవ్వబోయాను.
తల పైకొచ్చేసరికి ఆమె పెదాలు నీలంగా ఉన్నాయి.

మొదటిదాని అంచు అందలేదు.
అరచేతులు జారాయి, జారాయి,
సత్తు గిన్నెలో చేప కొట్టుకున్న చప్పుడు.
రెండోదానికి నిచ్చెనుంది,
పడవలో ఉన్నవాళ్ళు దించితేనే దిగుతుంది.
తమాతి లేచాడు.
"నువ్వు నిద్రపోతున్నావ్!" అని నీళ్ళలోంచి అరిచింది.
అతను కూచుని కళ్ళు మూసుకున్నాడు, మరీ గట్టిగా.

మూడోది ఎవరూ అడగనిది.
అయిదున్నర మీటర్లు, రంగైనా లేని ఒట్టి సత్తు,
రెండు చలికాలాలుగా నా ప్రహరీ మూలన పడుంది.
అమరం పక్కన నీటి మట్టానికి దిగువగా
ఒక మెట్టు.
ఎవడికి తోచిందో, అతికించాడు.
మోకాలు మోపింది. జారింది.
మళ్ళీ మోపింది.
బూట్ల నిండా నీళ్ళతో
గోనెసంచిలా లోపలికి దొర్లి
వెల్లకిలా పడుకుంది.
ఊపిరి మాత్రం వినిపించింది, చాలాసేపు.
తమాతి ఇంకా కళ్ళు తెరవలేదు,
తెరవమని ఎవరూ అనలేదు మరి.
"ఇదే," అంది.

సంతకాలయ్యాక అందరికీ చెప్పేదే చెప్పాను:
అడుగున ఉప్పునీళ్ళలో రాగినాణెం ఒకటి మరిచిపోతే
అది సత్తుని తింటుంది, చప్పుడు లేకుండా, ఏళ్ళ తరబడి.
ఆమె జేబులు తిరగేసింది.
నానిపోయిన రసీదు, తలపిన్ను, సీసపు గుండు,
పది సెంట్లు.
నాణెం నా బల్ల మీద పెట్టి
తమాతి జేబులు కూడా వెతికింది.

ఎండలొచ్చాక, ఎవరూ లేని ఒక ఉదయం
నేనే దూకాను, మొదటిదాని పక్కన.
ఎక్కలేకపోయాను.
దాన్నిప్పుడు సరస్సులకెళ్ళేవాళ్ళకే చూపిస్తున్నాను,
అదీ ఇద్దరొస్తేనే.